నిద్ర - ఆకలి - అంతర్జాలము

“ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు” అని మన పెద్దలు చెప్పుదురు. ఆకలిగొన్నవాడు కూర కమ్మగా నున్నదా లేదా యని విచారింపడు. నిద్ర ముంచుకొనివచ్చినవాడు పఱుపు మెత్తగా నున్నదా యని చూడడు. ఈ సామెతలో ఆకలియు నిద్రయు జంటగా చెప్పబడినవి. వినుటకు సొంపుగా నుండుటకై ఆ రెండింటిని చేర్చిరని మనము తలంతుము. కాని శరీరశాస్త్రజ్ఞులు గడచిన కొన్ని దశాబ్దములలో కనుగొనిన విషయములను పరిశీలించినచో, ఆకలియు నిద్రయు నిజముగనే ఒక తల్లి బిడ్డలవంటివని తెలియును. ఒకదానికి లోపము కలిగినచో రెండవది సరిగా నుండజాలదు.

నేడు ఈ రెండింటి నడుమకు మూడవదొకటి వచ్చి చేరినది. అదియే ఇంటర్నెట్ అని పిలువబడు అంతర్జాలము. మన దేశమున అది 1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. ఆ దినములలో అది కొన్ని నగరములలో, కంప్యూటరు గలవారికి మాత్రమే లభించెడిది. 2016 తరువాత దాని వెల మిక్కిలి తగ్గుటచే పల్లెటూళ్లలోని సెల్‌ఫోనులకును అది చేరినది. 2020లో కరోనా వ్యాధి వ్యాపించి బడులు మూతపడినపుడు పాఠములనే ఫోనులో వినవలసివచ్చెను. అంతకుముందు ఫోను ముట్టనొల్లని బాలబాలికలు కూడ అప్పుడు దానికి అలవాటుపడిరి. బడులు తిరిగి తెఱచినను ఆ అలవాటు మాత్రము పోలేదు. ముఖ్యముగా రాత్రివేళ, ఇల్లు సద్దుమణిగిన పిదప, అనేకుల చేతిలో ఆ చిన్న తెర వెలుగుచునే యుండును. దీనివలన నిద్రకు కలుగు నష్టమేమి? నిద్రకును ఆకలికిని గల సంబంధమేమి? ఈ విషయములను తెలిసికొందము.

ముందుగా మన శరీరములోని యొక గడియారమును గుఱించి చెప్పవలయును. 1729లో ఫ్రాన్సు దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడగు డి మెరాన్ ఒక చిన్న పరీక్ష చేసెను. పగలు ఆకులు విప్పి, రాత్రి ముడుచుకొను నొక మొక్కను అతడు చీకటిలో నుంచెను. అది మన అత్తిపత్తివంటి మొక్క. సూర్యుని వెలుతురు ఏ మాత్రమును సోకకున్నను, ఆ మొక్క వేళ తప్పక ఆకులు విప్పుచు ముడుచుచు నుండెను. అనగా కాలమును తెలుపు సాధనము దాని లోపలనే యున్నదన్నమాట. మానవునికిని ఇట్టి సాధనము కలదు. 1938లో నథానియేల్ క్లైట్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తన శిష్యునితో కూడ మామత్ గుహ యను పెద్ద గుహలో 32 దినములు వసించెను. వారు ఎండ కన్నెఱుగని ఆ చోట, దినమునకు 24 గంటలు కాక 28 గంటలుగా లెక్కించుకొని నిద్రించుటకును, మేలుకొనుటకును ప్రయత్నించిరి. శిష్యుని శరీరము ఆ క్రొత్త లెక్కకు లొంగినది గాని గురువు శరీరము లొంగలేదు. అది తన 24 గంటల పాత లెక్కనే పట్టుకొని యుండెను. ఈ గడియారము జీవకణములలో ఏవిధముగా నడచునో పండ్ల ఈగలయందు పరిశోధించి తెలిపిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమానము లభించినది.

మానవునియందు ఈ గడియారమునకు కేంద్రము మెదడులో నున్నది. అది సుమారు 20,000 నాడీకణముల గుంపు, బియ్యపుగింజకంటె చిన్నది. అది తనంతట తానే నడచును గాని, చాలమందిలో దినమునకు కొన్ని నిమిషములు వెనుకబడుచుండును. దానిని ప్రతిదినము సరిదిద్దునది వెలుతురు. కంటి లోపలి పొరలో కొన్ని ప్రత్యేక కణములు కలవు. ఇప్పుడు పగలా, రాత్రియా అని మెదడునకు తెలుపుటయే వాని ముఖ్యమైన పని. ఈ కణముల స్వభావము 2002లో స్పష్టముగా తెలియవచ్చినది. అవి నీలికాంతికి ఎక్కువగా స్పందించును. చీకటిపడిన పిదప పీనియల్ అను చిన్న గ్రంథి మెలటోనిన్ అను రసమును రక్తములోనికి విడుచును. ఈ రసమును 1958లో యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఏరన్ లెర్నర్ వేరుచేసి చూపెను. ఇది మత్తుమందు కాదు. “రాత్రి యైనది, పనులు చాలింపుడు” అని శరీరమంతటికిని వినిపించు దండోరావంటిది.

బాలబాలికలు యౌవనమున అడుగుపెట్టు కాలమున ఈ దండోరా ఆలస్యముగా వినవచ్చును. పదేండ్ల పిల్లవానికి తొమ్మిది గంటలకే కన్నులు మూతపడుచుండగా, పదునైదేండ్లవానికి పది, పదునొకండు గంటలైనను నిద్ర రాదు. ఈ వయస్సున శరీరములోని గడియారము ఒకటి రెండు గంటలు వెనుకకు జరుగుటయే దీనికి కారణము. ఇది సోమరితనము కాదు, పెంకితనమును కాదు, ప్రకృతి చేసిన యేర్పాటు. పెద్దలు ఈ విషయమును గుర్తింపవలయును. ఇట్లని ఈ వయస్సున నిద్ర తక్కువ చాలునని యెంచరాదు. 13 మొదలు 18 ఏండ్ల వఱకు గలవారు దినమునకు 8 మొదలు 10 గంటలు నిద్రింపవలయునని అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2016లో ప్రకటించినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఈ కారణముచేతనే ఒక చట్టము చేసిరి. 2022 జూలై 1వ తేదీనుండి అచ్చటి ఉన్నత పాఠశాలలు, గ్రామీణ ప్రాంతములందు తప్ప, ఉదయము 8 గంటల 30 నిమిషములకు ముందు ప్రారంభింపరాదు.

నిద్ర ఆలస్యముగా వచ్చును. బడి గంట మాత్రము మనకొఱకు ఆగదు. ఈ రెండింటి నడుమ చిక్కిన విద్యార్థి చేతిలో ఫోను ఉన్నయెడల ఏమగునో చూడుడు. రాత్రి పది గంటలకు పరుండి ఆఱు గంటలకు లేచువానికి ఎనిమిది గంటల నిద్ర కలుగును. వాడు పండ్రెండున్నర వఱకు ఫోను చూచి, అదే ఆఱు గంటలకు లేచినచో ఐదున్నర గంటలే మిగులును. ఒక రాత్రికి రెండున్నర గంటల లోటు. ఆఱు రాత్రులకు పదునైదు గంటలు. అనగా వారమునకు దాదాపు రెండు రాత్రుల నిద్రను వాడు పోగొట్టుకొన్నవాడగును. ఆదివారము మధ్యాహ్నము వఱకు పరుండినంతమాత్రమున ఈ అప్పు తీరదు. పైగా ఆ రాత్రి నిద్ర మఱింత ఆలస్యమై సోమవారము మఱింత భారమగును.

ఫోను నిద్రను ఎట్లు హరించును? చాలమంది తెర వెలుతురునే నిందింతురు. అందు కొంత సత్యము కలదు. బోస్టన్ నగరపు వైద్యశాలలో జరిగిన యొక పరిశోధన 2014 చివర ప్రకటింపబడినది. అందు 12 మంది యువజనులు కొన్ని దినములు పరుండుటకు ముందు నాలుగు గంటలు వెలుగు తెరపై పుస్తకము చదివిరి. మఱి కొన్ని దినములు మసకవెలుతురులో అచ్చు పుస్తకము చదివిరి. తెరపై చదివినపుడు వారి రక్తములో మెలటోనిన్ సగమునకు పైగా తగ్గెను. శరీరములోని గడియారము గంటన్నర వెనుకబడెను. కాని నిద్రపట్టుటకు వారికి అధికముగా పట్టిన కాలము దాదాపు పది నిమిషములు మాత్రమే. నాలుగు గంటలు, మిక్కిలి వెలుతురుగల తెరను చూచినందులకు కలిగిన ఫలితమిది. కావున తెర వెలుతురును తగ్గించితిని, రంగు మార్చితిని, ఇక నాకు భయము లేదని తలచుట పొరపాటు.

అంతకంటె పెద్ద దొంగలు మఱి రెండు కలవు. మొదటిది అంతము లేకుండుట. పుస్తకమునకు చివరి పుట యుండును. నాటకమునకు తెరదించుట యుండును. ఊరి రచ్చబండ ముచ్చటలును ప్రొద్దుపోయినపుడు ముగియును. ఫోనులోని దృశ్యములకు అట్టి ముగింపు లేదు. ఒకటి ముగియకమునుపే మఱియొకటి తనంతట తానే ప్రారంభమగును. మనము ఎంత ఎక్కువసేపు చూచిన దానిని నడుపువారికి ప్రకటనల రూపమున అంత ఆదాయము. అందుచే ఆపవలెనను తలంపు మనకు కలుగకుండునట్లే అది నిర్మింపబడినది. రెండవది మనస్సునకు కలుగు ఉద్రేకము. ఆటలో గెలుపోటములు, మిత్రుడు వ్రాసిన పరిహాసము, తన చిత్రమును ఎందఱు మెచ్చిరను ఆత్రము - ఇవన్నియు పరుండబోవు మనస్సును మేల్కొలుపునవే. దిండు క్రింద ఫోను గుయ్యిమనిన ప్రతిపర్యాయమును చెవి నిక్కబొడుచుకొనును.

ఇక ఆకలి మాట. మన కడుపు నిండినది లేనిది మెదడునకు తెలుపు దూతలు కొన్ని రక్తములో సంచరించుచుండును. శరీరములోని కొవ్వునుండి పుట్టు లెప్టిన్ “చాలును” అని చెప్పును. దీనిని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కనుగొనిరి. ముఖ్యముగా జీర్ణాశయమునుండి పుట్టు గ్రెలిన్ “ఇంకను కావలయును” అని చెప్పును. దీనిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ ఇద్దఱు దూతలు సమతూకముగా పనిచేసినపుడే మనము తగినంత తిని లేతుము.

2004లో షికాగో విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతులగు 12 మంది యువకులను పరీక్షించిరి. వారిని రెండు రాత్రులు నాలుగేసి గంటలును, వేఱొకమాఱు రెండు రాత్రులు పదేసి గంటలును పరుండనిచ్చిరి. వారికి అందిన ఆహారశక్తి రెండు పర్యాయములును సమానమే. అయినను నిద్ర తగ్గినపుడు “చాలును” అను లెప్టిన్ నూటికి 18 వంతులు తగ్గినది. “కావలయును” అను గ్రెలిన్ నూటికి 28 వంతులు పెరిగినది. ఆకలి నూటికి 24 వంతులు హెచ్చినదని ఆ యువకులే తెలిపిరి. అందును వారి మనస్సు పోయినది కూరగాయలమీదికి కాదు. తీపి పదార్థములు, ఉప్పు చిరుతిండ్లు, పిండిపదార్థములు - వీనిమీదికే. కావున అర్ధరాత్రి వేళ చిప్సు పొట్లమును వెదకు బాలుడు తిండిపోతు అని మనము నవ్వరాదు. నిద్ర చాలని వాని దేహము తప్పుడు కబురు పంపుచున్నది; వాడు ఆ కబురును నమ్ముచున్నాడు.

ఫోను చూచుచు తినుటయందు మఱియొక చిక్కు కలదు. కన్ను తెరపై నున్నపుడు చేయి కంచమునకును నోటికిని నడుమ యంత్రమువలె ఆడుచుండును. ఎంత తింటిమో, ఏమి తింటిమో జ్ఞప్తికుండదు. భోజనవేళ ధ్యాస వేఱొకచోట నున్నవారు అప్పుడు ఎక్కువ తినుటయే కాక, తరువాతి వేళ మఱింత ఎక్కువ తిందురని 24 పరిశోధనలను కలిపి చూచిన సమీక్ష యొకటి 2013లో తెలిపినది. తిన్న సంగతి మనస్సున నిలువకపోవుటయే దీనికి కారణమని పండితులు తలంచిరి.

ఈ రాత్రితిండి మఱునాటి ఉదయమునకును చేటు తెచ్చును. కాలేయము, జీర్ణకోశము మున్నగు అవయవములకును తమతమ గడియారములు కలవు. అవి రాత్రిని విశ్రాంతివేళగా నెంచును. ఒకే ఆహారమును ఉదయమునకంటె రాత్రి ప్రొద్దుపోయి తినినచో రక్తములో చక్కెర ఎక్కువగా పెరుగును. ప్రొద్దుపోయి తిన్నవానికి తెల్లవాఱి ఆకలి కాదు. ఆలస్యముగా లేచుటచే తీరికయు నుండదు. ఇడ్లీయో, ఉప్మాయో, చద్దన్నమో తినకయే బడికి పరుగెత్తును. రెండవ గంటకే కన్నులు బరువెక్కును. సాయంత్రము ఆ బడలిక తీఱుటకు టీ త్రాగును. సాయంత్రము ఆఱు గంటలకు త్రాగిన టీలోని కెఫీనులో ఇంచుమించు సగము రాత్రి పదునొకండు గంటలకును దేహములో నిలిచియుండును. నిద్ర రాదు. నిద్ర రానందున ఫోను, ఫోను చూచుటచే నిద్రలేమి, నిద్రలేమిచే ఆకలి, ఆకలిచే అకాలభోజనము. ఈ విధముగా గానుగెద్దు తిరిగినచోటనే తిరిగినట్లు ఆ విద్యార్థి తిరుగుచుండును.

ఇచ్చట మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. ఫోను ఎక్కువగా చూచువారు తక్కువ నిద్రింతురనుట నిజమే గాని, ప్రతిచోటను ఫోనే మూలకారణము కాకపోవచ్చును. పరీక్షల భయము, ఇంటిలోని కలహము, తోడులేనితనము - ఇట్టివి నిద్రను చెడగొట్టినపుడు ఆ బాధను మఱచుటకై ఫోనును ఆశ్రయించువారును కలరు. అట్టివారి చేతినుండి ఫోనును లాగికొన్నంతమాత్రమున నిద్ర రాదు. వారి కష్టమేమో వినవలయును. మీ స్నేహితుడెవరైన రాత్రులు మేలుకొని దినదినము చిక్కిపోవుచున్నను, మౌనముగా నుండుచున్నను, నమ్మదగిన ఉపాధ్యాయునకో, పెద్దలకో తెలుపుట మీ ధర్మము.

నిద్ర వృథాకాలమని కొందఱు విద్యార్థులు తలంతురు. అది తప్పు. పగలు చదివిన పాఠమును మెదడు స్థిరపఱచుకొనునది నిద్రలోనే. దేహము ఎదుగుటకు కావలసిన రసము అధికముగా స్రవించునది గాఢనిద్రలోనే. 1963 డిసెంబరులో అమెరికాలోని శాండియాగో నగరమున రాండీ గార్డ్‌నర్ అను 17 ఏండ్ల విద్యార్థి శాస్త్రప్రదర్శనకై నిద్రమాని, 1964 జనవరి వఱకు 264 గంటలు, అనగా పదునొకండు దినములు మేలుకొనియుండెను. చివరి దినమున వైద్యులు అతనిని నూఱులోనుండి ఏడేసి చొప్పున తీసివేయుచు లెక్కింపుమనిరి. అతడు 65 వఱకు వచ్చి ఆగిపోయెను. ఏల యాగితివని యడుగగా, తానేమి చేయుచుంటినో మఱచితినని చెప్పెను. ఇట్టి సాహసము ప్రాణాపాయకరము, ఎవరును చేయరాదు. పదునొకండు దినములు మేలుకొనినవానికి పెద్దగా కనబడిన ఆ మఱపు, రాత్రికి రెండు గంటలు పోగొట్టుకొనువానికి చిన్నరూపమున లెక్కల పరీక్షలో కనబడును.

అంతర్జాలము మన శత్రువు కాదు. గ్రంథాలయము లేని పల్లెలోని బాలికకు అది గ్రంథాలయము. దూరదేశమున నున్న అన్నతో మాటలాడగోరు చెల్లెలికి అది వంతెన. దానిని త్యజింపవలసిన పని లేదు. దానికి వేళ నిర్ణయించినచో చాలును. పరుండుటకు గంట ముందు ఫోనును వేఱొక గదిలో ఛార్జింగునకు పెట్టుట మేలు. ఇల్లంతయు ఒకే గదియైనచో, చేయి సాచి అందుకొనలేని యెత్తున పెట్టవచ్చును. లేచుటకు ఫోను మ్రోగవలయునందురా? పాత అలారము గడియారము ఆ పని చక్కగా చేయును. భోజనవేళ కంచము దగ్గఱ ఫోను ఉండరాదు. ఈ నియమము పెద్దలకును వర్తింపవలయును. తండ్రి ఫోను చూచుచు తినుచుండగా కుమారునకు బోధించుట నిష్ఫలము. సాయంత్రము దాటిన పిదప టీ, కాఫీలు మానవలయును. ఉదయము లేవగనే కొంతసేపు ఎండలో నడచినచో శరీరములోని గడియారము సరియగును. సెలవు దినమునను ఒక గంటకంటె ఎక్కువ ఆలస్యముగా లేవరాదు.

బాలబాలికలారా! ఈ మాటలను మీరు పరీక్షింపకయే నమ్మనక్కఱలేదు. ఒక నోటుపుస్తకము తీసికొనుడు. ఒక వారము మీ అలవాటు చొప్పుననే యుండి, ప్రతిదినము ఎప్పుడు పరుండితిరో, ఎప్పుడు లేచితిరో, రాత్రి భోజనము తరువాత ఏమి తింటిరో, ఉదయము ఆకలి యయినదో లేదో వ్రాయుడు. మఱుసటి వారము ఫోనును తొమ్మిది గంటలకు దూరముగా పెట్టి, మరల అట్లే వ్రాయుడు. రెండు వారముల లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుడు. ఆ పుట మీకు చెప్పునది ఏ శాస్త్రజ్ఞుని మాటకంటెను మీకు దగ్గఱి సత్యము. రాత్రి యనునది మనకు ఉచితముగా లభించిన సొత్తు. దానిని పరులు దోచుకొనకుండ కాపాడుకొనువాడు, మఱునాటి పగలును కూడ తనదిగా చేసికొనును.